అపరిచిత గద్యం: అర్థం కావడం వెనుక ఉన్న శాస్త్రం

ఇంటర్మీడియట్, పన్నెండో తరగతి స్థాయి ఇంగ్లీషు పరీక్షల్లో బట్టీకి లొంగని ప్రశ్న ఒకటుంది. పాఠాల సారాంశాలు గైడులో దొరుకుతాయి. లేఖల నమూనాలు నోట్సులో ఉంటాయి. వ్యాకరణం బిట్లు పాత ప్రశ్నపత్రాల్లోంచి తిరిగి తిరిగి వస్తాయి. పిల్లలు అన్‌సీన్ ప్యాసేజ్ అని పిలిచే అపరిచిత గద్యం మాత్రం పరీక్ష హాల్లోనే మొదటిసారి కంటపడుతుంది. దాని బరువూ తక్కువేమీ కాదు. సీబీఎస్ఈ పన్నెండో తరగతి ఇంగ్లీషు కోర్ పేపరులో 80 మార్కులకు 22 మార్కులు ఈ భాగానివే. రెండు ప్యాసేజ్‌లు, కలిపి 700 నుంచి 750 మాటలు. న్యాయవిద్య ప్రవేశపరీక్ష క్లాట్ 2020 నుంచి ప్యాసేజ్‌ల చుట్టూనే తిరుగుతోంది. చైనాలో కళాశాల ప్రవేశానికి రాసే గావ్‌కావ్ పరీక్ష కొత్త నమూనా ఇంగ్లీషు పేపరులో 150 మార్కులకు 50 చదివి అర్థం చేసుకునే భాగానికి కేటాయించారు.

దీనికి సిద్ధం కావడమంటే మనకు తెలిసిన దారి ఒక్కటే: ప్యాసేజ్‌ల పుస్తకం కొనడం, రోజుకు రెండో మూడో చేయడం, కీ చూసి మార్కులు వేసుకోవడం. నెలలు గడిచినా మార్కులు అక్కడే ఆగిపోతే మరో పుస్తకం కొనడం. ఈ కృషిలో చిత్తశుద్ధికి లోటు లేదు. లోటు మరోచోట ఉంది. ప్యాసేజ్, దాని కింది ప్రశ్నలు కలిసి కొలత సాధనం మాత్రమే. అవి కొలిచే అవగాహన ఒక విడి నైపుణ్యం కాదు. పదజాలం, వాక్యాన్ని విప్పగల శక్తి, విషయజ్ఞానం, తన అర్థాన్ని తానే పరీక్షించుకునే అలవాటు కలిసి ఇచ్చే ఫలితం. వీటిలో తనకు ఏది తక్కువో తెలుసుకోకుండా ప్యాసేజ్‌లు మాత్రమే చేసుకుంటూ పోవడం, మడికి నీరు పెట్టకుండా కొడవలికి పదును పెట్టుకుంటూ కూర్చోవడం లాంటిది. నూరేళ్లకు పైగా పఠనం మీద జరిగిన పరిశోధన ఈ భాగాలను ఒక్కొక్కటిగా విడదీసి చూపింది.

కన్ను చేసే పని

చదివేటప్పుడు కన్ను పంక్తి వెంట నునుపుగా జారుతుందని మనకు అనిపిస్తుంది. అది భ్రమ. ఫ్రాన్సుకు చెందిన నేత్రవైద్యుడు ఎమిల్ జవాల్ 1870ల చివర్లోనే కన్ను చిన్న చిన్న గెంతులతో కదులుతుందన్న సంగతిని శాస్త్రలోకం ముందుంచారు. తరువాతి కాలంలో కీత్ రేనర్ వంటి మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ గెంతులను యంత్రాలతో కొలిచారు. ఇంగ్లీషు చదివే పెద్దవారి కన్ను ఒక్కోచోట సుమారు సెకనులో నాలుగో వంతు ఆగుతుంది. ఏడెనిమిది అక్షరాల దూరం గెంతి మళ్లీ ఆగుతుంది. ఆగిన చోటికి ఎడమవైపు మూడు నాలుగు అక్షరాలు, కుడివైపు పద్నాలుగు పదిహేను అక్షరాల వరకే ఉపయోగపడే సమాచారం అందుతుంది. గెంతుల్లో పది పదిహేను శాతం వెనక్కి, అంటే చదివేసిన భాగంలోకే వెళతాయి.

ఈ కొలతలు ఒక అపోహను తొలగిస్తాయి. పేజీ మొత్తాన్ని ఒక్క చూపులో పట్టేయవచ్చనీ, వెనక్కి చూడకుండా వేలు నడిపితే వేగం మూడింతలవుతుందనీ చెప్పే వేగపఠన శిక్షణలకు కన్ను నిర్మాణమే అడ్డం. రేనర్, ఆయన సహచరులు రాయగా 2016లో వెలువడిన సుదీర్ఘ సమీక్ష తేల్చింది కూడా ఇదే: ఒక హద్దు దాటాక వేగం పెంచితే అవగాహన తగ్గుతుంది. వెనక్కి వెళ్లే చూపు చాలాసార్లు అర్థాన్ని సరిచేసుకునే ప్రయత్నం. దాన్ని అణచివేస్తే నష్టమే.

వేగం గురించి మరో లెక్క. ఇంగ్లీషు వచ్చిన పెద్దవారు కథేతర వచనాన్ని మౌనంగా చదివే సగటు వేగం నిమిషానికి సుమారు 238 మాటలని మార్క్ బ్రిస్‌బర్ట్ 2019లో అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టారు. మన విద్యార్థి అందులో సగం వేగంతో, నిమిషానికి 120 మాటలే చదివాడనుకున్నా 750 మాటలకు ఆరుంపావు నిమిషాలు చాలు. మూడు గంటల బోర్డు పరీక్షలో కాలం హరించేది ఈ ఆరు నిమిషాలు కావు. అర్థం కాక ఒకే వాక్యాన్ని నాలుగుసార్లు తిరగేయడం, రెండు జవాబుల మధ్య ఊగిసలాడటం. క్లాట్ వంటి పరీక్షల్లో సమయం నిజంగానే బిగువు. అక్కడ కూడా వేగం మాటల పరిచయం వల్ల వస్తుంది, కంటి కసరత్తు వల్ల కాదు.

కూడిక కాదు, గుణకారం

1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు పఠనావగాహనకు ఒక సరళమైన సూత్రం ప్రతిపాదించారు. అచ్చును మాటగా గుర్తించగల శక్తిని, ఆ భాషను వింటే అర్థం చేసుకోగల శక్తితో గుణిస్తే వచ్చేదే అవగాహన అని దాని సారం. ఇక్కడ కీలకం గుణకార చిహ్నం. కూడిక అయితే ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది. గుణకారంలో అలా కుదరదు. ఒకదానికి 0.9 శక్తి, రెండోదానికి 0.4 శక్తి ఉంటే లబ్ధం 0.36 మాత్రమే. బలంగా ఉన్నదాన్ని 0.9 నుంచి 1కి తెచ్చినా 0.4 దగ్గరే ఆగుతాం. బలహీనంగా ఉన్నదాన్ని 0.4 నుంచి 0.6కి తెస్తే 0.54 చేరతాం. సాధన ఎక్కడ మొదలుపెట్టాలో ఈ చిన్న లెక్కే చెబుతోంది.

ఇంటర్మీడియట్‌కు వచ్చిన తెలుగు విద్యార్థికి ఇంగ్లీషు అచ్చును గుర్తించడం దాదాపు అలవాటై ఉంటుంది. రాసినట్టే పలికే లిపిలో చదువు మొదలుపెట్టినవారికి ఇంగ్లీషు వర్ణక్రమం తొలి ఏళ్లలో పెట్టే ఇబ్బంది ఈ స్థాయికి చాలావరకు తగ్గుతుంది. ఎక్కువమందికి రెండో సంఖ్యే తక్కువ. చదివి వినిపించినా ఆ పేరా అర్థం కాదంటే లోపం చదవడంలో లేదు, భాషలో ఉంది. ఈ పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. స్నేహితుడి చేత ప్యాసేజ్ నెమ్మదిగా చదివించుకుని వినాలి. వింటే అర్థమై చదివితే కాకపోతే సాధన ఒక రకం, రెండు విధాలా అర్థం కాకపోతే మరో రకం.

యాభైకి ఒక్కటి

తెలియని మాటలు ఎన్ని ఉంటే పేరా చేజారుతుంది? ఈ ప్రశ్నకు తొలి సమాధానాల్లో ఒకటి మన ఉపఖండంలోనే పుట్టింది. అవిభక్త బెంగాల్‌లో, ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ అక్కడి విద్యార్థులకు ఇంగ్లీషు మాట్లాడటం కన్నా చదవడమే ముందుగా అవసరమని వాదించారు. అప్పటి వాచకాల్లో కొత్త మాటలు మరీ దట్టంగా ఉండటమే పిల్లలు ముందుకు సాగకపోవడానికి కారణమని గమనించారు. యాభై మాటలకు ఒక్క కొత్త మాట మించకూడదని 1926లో రాశారు. ఆ కొలత ప్రకారం కొత్త వాచకాలు తయారు చేశారు. 1953లో సుమారు రెండు వేల అత్యవసర ఇంగ్లీషు మాటల పట్టికనూ వెలువరించారు.

యాభైకి ఒకటంటే తెలిసిన మాటలు 98 శాతం. డెబ్బై నాలుగేళ్ల తరువాత, 2000లో, మార్సెల్లా హూ, పాల్ నేషన్ ఇదే సంగతిని ప్రయోగంతో పరిశీలించారు. ఒక కథలో కొన్ని మాటల స్థానంలో అర్థంలేని కల్పిత పదాలు పెట్టి చదివించారు. 80 శాతం మాటలే తెలిసినప్పుడు ఎవరికీ చాలినంత అవగాహన కలగలేదు. 90, 95 శాతాల దగ్గర కొందరికే కలిగింది. ఎవరి సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే 98 శాతం దాకా మాటలు తెలిసి ఉండాలని వారు తేల్చారు.

దీన్ని 400 మాటల ప్యాసేజ్‌కు వర్తింపజేద్దాం. 98 శాతమంటే తెలియని మాటలు ఎనిమిది. 95 శాతమంటే ఇరవై. 90 శాతమంటే నలభై, అంటే దాదాపు ప్రతి పంక్తికీ ఒకటి. సందర్భాన్ని బట్టి అర్థం ఊహించండి అని తరగతిలో చెప్పే సలహా ఎనిమిది తెలియని మాటలున్నచోట పనిచేస్తుంది. నలభై ఉన్నచోట ఊహకు ఆధారమయ్యే చుట్టుపక్కల మాటలే తెలియవు.

మరి ఎన్ని మాటలు నేర్వాలి? నవలలు, వార్తాపత్రికల వంటి వచనాన్ని 98 శాతం అందుకోవడానికి ఎనిమిది నుంచి తొమ్మిది వేల పద కుటుంబాలు కావాలని నేషన్ 2006లో అంచనా వేశారు. ఒక మూలపదం, దాని నుంచి వచ్చే రూపాలు అన్నీ కలిసి ఒక కుటుంబం. ఈ సంఖ్య చూసి బెదరాల్సిన పని లేదు. పరీక్షల కోసం ఎంచే గద్యం సాధారణంగా ఇంతకన్నా సులువు. చైనా ఉన్నత పాఠశాల పాఠ్యప్రణాళిక ప్రవేశపరీక్ష రాసేవారికి పెట్టుకున్న లక్ష్యం సుమారు మూడు వేల మాటలు. ఏ మాటలు ముందు నేర్చుకోవాలన్నది ఇంకా ముఖ్యం. అవెరిల్ కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన విద్యావిషయక పదపట్టికలో 570 కుటుంబాలే ఉన్నాయి. ఆమె పరిశీలించిన పాఠ్యగ్రంథాల వచనంలో సుమారు పది శాతం ఈ పట్టికలోని మాటలే. పోటీ పరీక్షల గైడుల్లో కనిపించే అరుదైన పదాల జాబితా కన్నా, అనలైజ్, కాన్సీక్వెన్స్, సిగ్నిఫికెంట్ వంటి పదేపదే తగిలే ఈ మాటలు విద్యార్థికి ఎన్నో రెట్లు మేలు చేస్తాయి.

తెలుగు వాక్యం, ఇంగ్లీషు వాక్యం

మాటలన్నీ తెలిసినా వాక్యం అందకపోవడం మన విద్యార్థులకు తరచూ ఎదురయ్యే అనుభవం. దీనికి రెండు భాషల నిర్మాణంలోనే కారణం ఉంది. తెలుగులో విశేషణ వాక్యం నామవాచకానికి ముందు వస్తుంది. "నిరుడు వరదలో కొట్టుకుపోయిన వంతెన" అన్నప్పుడు వంతెన దగ్గరికి చేరేసరికి దాని సంగతంతా మనకు తెలిసిపోయి ఉంటుంది. ఇంగ్లీషులో వంతెన ముందు వస్తుంది, వివరం తరువాత తోకలా సాగుతుంది. ఆ తోక ముగిసి అసలు క్రియ వచ్చేసరికి కర్త ఎవరో మరిచిపోతాం. హూ, విచ్ వంటి గుర్తులు కూడా లేకుండా తోక మొదలైతే, తోకలోని క్రియనే ప్రధాన క్రియ అనుకుని పొరబడతాం.

రెండో తేడా విభక్తులది. తెలుగులో "పులిని మనిషి చూశాడు" అన్నా, "మనిషి పులిని చూశాడు" అన్నా చూసింది మనిషే. పని ఎవరిదో ని అనే ప్రత్యయం కాపాడుతుంది. ఇంగ్లీషులో ఆ బాధ్యత మాటల వరుసది. వాడుక తెలుగులో అరుదైన కర్మణి వాక్యాలు ఇంగ్లీషు పరీక్షా గద్యంలో అడుగడుగునా ఉంటాయి. మూడోది వ్యతిరేకార్థం. తెలుగు వాక్యంలో కాదు, లేదు అన్నవి సాధారణంగా క్రియతోపాటు చివర నిలబడి స్పష్టంగా వినిపిస్తాయి. ఇంగ్లీషులో అవి హార్డ్‌లీ, అన్‌లెస్, ఫెయిల్ వంటి మాటల్లో దాగి ఉండి వాక్యార్థాన్ని తలకిందులు చేస్తాయి.

అందుకే వాక్యవిభజన ఒక విడి సాధనగా ఉండాలి. ప్యాసేజ్‌లో కష్టమనిపించిన వాక్యం తీసుకుని ముందు ప్రధాన క్రియ కింద గీత గీయాలి. దాని కర్తను చుట్టాలి. ఇట్, దిస్, దోజ్ వంటి సర్వనామాల నుంచి అవి సూచించే మాటకు బాణం గీయాలి. హౌఎవర్, దో, దేర్‌ఫోర్ వంటి సంధాయకాల దగ్గర ఆగి, ముందు చెప్పిన దానికీ తరువాత చెప్పేదానికీ సంబంధం ఏమిటో ఒక్క తెలుగు మాటలో రాయాలి: కానీ, అయినా, అందుచేత. రోజుకు మూడు వాక్యాలు ఇలా విప్పితే చాలు.

తెలిసిన విషయమే తేలిక

1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అమెరికాలో ఏడు, ఎనిమిది తరగతుల విద్యార్థులు 64 మందితో ఒక ప్రయోగం చేశారు. బేస్‌బాల్ ఆటలో ఒక భాగాన్ని వర్ణించే గద్యం చదివించి, జరిగినదాన్ని నమూనా మైదానంలో బొమ్మలు కదిపి చూపమన్నారు. చదవడంలో వెనుకబడినా ఆట బాగా తెలిసినవారు, చదవడంలో ముందున్నా ఆట తెలియనివారిని మించిపోయారు. అదే గద్యం మన పిల్లలకిస్తే ఇంగ్లీషు బాగా వచ్చినవారూ తడబడతారు. క్రికెట్ మ్యాచ్ వర్ణన ఇస్తే సగటు విద్యార్థీ నిలదొక్కుకుంటాడు.

అంతకుముందు 1972లో జాన్ బ్రాన్స్‌ఫర్డ్, మార్షా జాన్సన్ ఇంకా విచిత్రమైన సంగతి చూపారు. బట్టలు ఉతకడం గురించిన ఒక పేరాను విషయం ఏమిటో చెప్పకుండా వినిపించారు. కష్టమైన మాట ఒక్కటీ లేకపోయినా విన్నవారికి ఏమీ బోధపడలేదు. ముందే విషయం చెప్పినవారికి సుమారు రెట్టింపు అంశాలు గుర్తున్నాయి. విన్న తరువాత విషయం చెప్తే మాత్రం లాభం లేకపోయింది. ప్యాసేజ్ చదివే ముందు శీర్షికను, మొదటి వాక్యాన్ని నింపాదిగా చూసి, ఇది దేని గురించి, నాకు దీని గురించి ఏం తెలుసు అని అర నిమిషం ఆలోచించమనడానికి ఆధారం ఇదే.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి ఇందులో ధైర్యం ఉంది. పగడపు దిబ్బల గురించో, ద్రవ్యోల్బణం గురించో తెలుగులో తెలుసుకున్న విషయం ఇంగ్లీషు గద్యం దగ్గర కూడా అక్కరకొస్తుంది. అయితే దానికీ ఒక షరతు ఉంది. రెండో భాష ఒక కనీస స్థాయి దాటేవరకు మాతృభాషలోని పఠనశక్తి పూర్తిగా అక్కడికి బదిలీ కాదని ఛార్లెస్ ఆల్డర్సన్ 1984లో ఈ విషయాన్ని చర్చిస్తూ వివరించారు. మాటల సాధన, వాక్యసాధన ఆ మెట్టు ఎక్కడానికే. ఎక్కాక జ్ఞానం ఏ భాషలో సంపాదించినదైనా చేయి అందిస్తుంది.

ప్రశ్న వల పన్నే తీరు

వాల్టర్ కింట్ష్ 1988లో రూపొందించిన సిద్ధాంతం ప్రకారం చదువరి మనసులో రెండు పొరలు ఏర్పడతాయి. ఒకటి వాక్యాలు చెప్పిన సంగతుల పట్టిక. రెండోది, ఆ సంగతులను తన జ్ఞానంతో కలిపి కట్టుకున్న స్థితిచిత్రం. ఎప్పుడు, ఎక్కడ, ఎంత అనే ప్రశ్నలకు మొదటి పొర చాలు. పేరాలో ఆ పంక్తి వెతికి ఎత్తిరాస్తే మార్కు వస్తుంది. రచయిత ఉద్దేశం ఏమిటి, దీన్నుంచి ఏం గ్రహించవచ్చు అనే ప్రశ్నలకు రెండో పొర కావాలి. ప్రశ్నలు ముందు చదివి జవాబు పంక్తి వెతికే చిట్కా మొదటి రకానికి సాయపడి, రెండో రకం దగ్గర చేతులెత్తేస్తుంది.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. "చెరువులో గుర్రపుడెక్క తొలగించాక రెండేళ్లలో చేపలు పెరిగాయి. అదే కాలంలో చెరువులోకి వచ్చే మురుగునీటి కాలువను కూడా దారి మళ్లించారు." దీన్నుంచి ఏం గ్రహించవచ్చన్నది ప్రశ్న. గుర్రపుడెక్క తీయడం వల్లే చేపలు పెరిగాయన్నది ఒక జవాబు. గుర్రపుడెక్క తీస్తే ప్రతి చెరువులోనూ చేపలు పెరుగుతాయన్నది రెండోది. గుర్రపుడెక్క నీటిలో ప్రాణవాయువును తగ్గిస్తుందన్నది మూడోది. చేపల పెరుగుదలకు కారణం ఒక్కటే అని చెప్పలేమన్నది నాలుగోది.

సరైనది నాలుగోది. మొదటిది పేరాలోని మాటలనే వాడుకుని, వాటి మధ్య పేరా చెప్పని కార్యకారణ బంధం కలిపింది. రెండోది ఒక చెరువు సంగతిని లోకమంతటికీ చాచింది. మూడోది వాస్తవమే, కానీ ఈ పేరా చెప్పింది కాదు. తప్పు జవాబులు ఎక్కువగా ఈ మూడు అచ్చుల్లోనే తయారవుతాయి. ప్రతి తప్పు జవాబు పక్కన అది ఏ అచ్చుదో రాసుకునే అలవాటు, ఒప్పు జవాబు తెలుసుకోవడం కన్నా ఎక్కువ నేర్పుతుంది.

ప్రశ్నల్లోనూ లోపాలుంటాయి. అమెరికా కళాశాల ప్రవేశపరీక్ష శాట్ ప్రశ్నలను ప్యాసేజ్ చూపకుండానే విద్యార్థులకిస్తే, గుడ్డిగా గుర్తు పెడితే వచ్చేదానికన్నా ఎక్కువ జవాబులు సరిగ్గా చెప్పారని స్టూవర్ట్ కాట్జ్ బృందం 1990లో చూపింది. సాధన పుస్తకం ఎంచుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. ప్యాసేజ్ చదవకుండానే జవాబు తట్టే ప్రశ్నలు ఎన్ని చేసినా చదవడం రాదు.

పుస్తకం మూసి చేసే సాధన

చదివింది అర్థమైందన్న భావన, నిజంగా అర్థం కావడం రెండూ ఒకటి కావు. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికె 2006లో చేసిన ప్రయోగం దీనికి తగిన సాక్ష్యం. వారు వాడినవి కూడా టోఫెల్ అనే ఇంగ్లీషు భాషా పరీక్షకు సంబంధించిన ఒక సాధన పుస్తకంలోని ప్యాసేజ్‌లే: సూర్యుడి గురించి ఒకటి, సముద్రపు నీటికుక్కల గురించి మరొకటి. కొందరు ప్యాసేజ్‌ను రెండుసార్లు చదివారు. కొందరు ఒకసారి చదివి, రెండోసారి చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారికి 81 శాతం, చదివి రాసినవారికి 75 శాతం గుర్తుంది. వారం తరువాత లెక్క తారుమారైంది: చదివినవారికి 42, రాసినవారికి 56.

ఆన్‌మరీ పాలిన్‌సార్, ఆన్ బ్రౌన్ 1984లో మరో మార్గం చూపారు. అక్షరాలు చదవగలిగినా అర్థం పట్టలేని ఏడో తరగతి పిల్లలకు నాలుగు పనులు అలవాటు చేశారు: చదివిన భాగాన్ని క్లుప్తంగా చెప్పడం, దానిపై తామే ప్రశ్న వేయడం, అర్థం కానిచోటును స్పష్టం చేసుకోవడం, తరువాత ఏం రాబోతోందో ఊహించడం. మొదట ఉపాధ్యాయుడు చేసి చూపుతాడు, తరువాత పిల్లలు వంతులవారీగా ఆ పాత్ర తీసుకుంటారు. ఆ పిల్లల అవగాహన చెప్పుకోదగినంత పెరిగింది. నలుగురు స్నేహితులు, ఒక ప్యాసేజ్ ఉంటే హాస్టల్ గదిలోనూ ఇది సాధ్యమే.

ఈ ఆధారాలన్నీ కలిపితే సాధన ఇలా రూపుదిద్దుకుంటుంది. వారానికి పది ప్యాసేజ్‌లు పరుగెత్తే బదులు రెండే తీసుకోవాలి. మొదటి రోజు సమయం పెట్టుకుని పరీక్షలా రాయాలి. కీ చూసే ముందు ప్రతి జవాబుకూ ఆధారమైన పంక్తిని గుర్తించాలి. తరువాత ప్రతి తప్పుకూ కారణం నమోదు చేయాలి: మాట తెలియలేదా, వాక్యం విడలేదా, విషయం కొత్తదా, లేక ప్రశ్న వలలో పడ్డామా. రెండో రోజు పుస్తకం మూసి సారాంశం రాయాలి. మొదట్లో తెలుగులో రాసినా ఫరవాలేదు. వారం తరువాత అదే ప్యాసేజ్ తీసి, గుర్తున్నది రాసి, సరిచూసుకోవాలి. నెల తిరిగేసరికి తప్పుల పట్టికలో ఏ గడి నిండిందో, గుణకారంలో ఏ సంఖ్య తక్కువో కంటికి కనిపిస్తుంది. మిగిలిన సమయమంతా దానికే ఇవ్వాలి.

ఇంకా ఒకటి మిగిలింది: ప్రశ్నలు లేని చదువు. 1980ల మొదట్లో వార్విక్ ఎలీ, ఫ్రాన్సిస్ మంగూభాయ్ ఫిజీ గ్రామీణ పాఠశాలల్లో నాలుగు, అయిదు తరగతులకు సుమారు 250 ఇంగ్లీషు కథల పుస్తకాలు ఇచ్చి చదివించారు. స్థానిక ఫిజియన్ పిల్లలతోపాటు భారత సంతతి పిల్లలూ ఆ తరగతుల్లో ఉన్నారు. ఎనిమిది నెలల్లో వారి పఠనశక్తి మామూలుకన్నా దాదాపు రెట్టింపు వేగంతో పెరిగిందని 1983లో ప్రకటించారు. ఆ పిల్లలు చిన్నవారు, మనం మాట్లాడుకుంటున్నవారు పదిహేడేళ్లవారు. అయినా మూలకారణం వయసుతో మారదు. ఒక మాట పదిసార్లు పది సందర్భాల్లో తారసపడితే తప్ప సొంతం కాదు, ఆ తారసపాటు విస్తారమైన చదువులోనే దొరుకుతుంది.

ఇంటర్మీడియట్ రెండేళ్లలో ఇంగ్లీషుకు దక్కే సమయం కొంచెమే. ప్రవేశపరీక్షల ఒత్తిడిలో ఆ కొంచెం కూడా నోట్సు రాయించడానికి సరిపోతోంది. అందులోంచి వారానికి ఒక్క పీరియడ్, ప్రశ్నలూ మార్కులూ లేకుండా, విద్యార్థి స్థాయికి తగిన ఇంగ్లీషు చదవడానికి విడిచిపెట్టాలి. యాభై మాటలకు ఒక్కటే కొత్తదిగా తగిలే పుస్తకాలు గ్రంథాలయంలో ఉంచాలి. పరీక్షకు ముందు రెండు నెలల్లో చేసే ప్యాసేజ్‌లు సమయాన్ని సర్దుకోవడం, వలలను గుర్తించడం నేర్పుతాయి. మాటల నిల్వను, వాక్యాన్ని విప్పే నేర్పును, లోకజ్ఞానాన్ని రెండు నెలల్లో పోగుచేయలేం. ఆ పని మొదటి ఏడాది మొదటి వారంలోనే మొదలుకావాలి.